ఇంటి ఆక్వాపోనిక్స్‌కు సోలార్ పంపు: తెల్లవారుజామున కూడా నడిచేలా ఎలా పెట్టుకోవాలి

డాబా మీదో పెరట్లోనో ఆక్వాపోనిక్స్ (చేపల తొట్టి నీళ్లతోనే మొక్కలు పెంచే పద్ధతి) పెట్టాలనుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్ని వాట్ల సోలార్ ప్యానెల్ కొనాలి?" దీనికి జవాబు కింద అయిదో మెట్టులో ఉంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, తెల్లవారుజామున నాలుగింటికి మీ పంపు ఏ కరెంటుతో నడుస్తుందనేది. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది ఆ వేళకే. భీమవరం, కైకలూరు వైపు చెరువుల మీద రైతులు తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది అందుకే. ప్యానెల్‌కు నేరుగా తగిలించిన పంపు సాయంత్రం ఆరింటికే ఆగిపోతుంది. పగలంతా బాగా నడిచిన సిస్టమ్‌లో పొద్దున్నే చేపలు చచ్చి తేలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

సిద్ధాంతం తెలియాల్సింది కొంచెమే. చేపల విసర్జనలో అమోనియా ఉంటుంది. మొక్కల తొట్టిలోని కంకరలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మొక్కలు తీసుకుంటాయి. ఈ చక్రాన్ని తిప్పేది పంపు.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు.

కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం దీన్ని పెట్టకండి. ఇక్కడ చెప్పబోయే సిస్టమ్ నెలకు వాడేది 11, 12 యూనిట్లు. బ్యాటరీ ఖర్చు ఆ ఆదాతో తిరిగి రాదు. కరెంటు కోతలు ఎక్కువున్నా, పెరట్లోకి లైను లేకపోయినా, నీళ్ల పక్కన 230 వోల్టుల తీగ వద్దనుకున్నా సోలార్ మంచి దారి. నా దృష్టిలో మూడో కారణం ఒక్కటే చాలు, ముఖ్యంగా పిల్లలు తిరిగే ఇంట్లో.

రెండోది, "మా ఇంటి మీద ఇప్పటికే 3 కిలోవాట్ల రూఫ్‌టాప్ ఉందిగా, అది చాలదా?" అనే ప్రశ్న. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ అయితే చాలదు. వీధిలో కరెంటు పోగానే, లైన్‌మన్ భద్రత కోసం, అది తనంతట తానే ఆగిపోతుంది. సబ్సిడీల సంగతి కూడా చెప్పేస్తాను. పీఎం కుసుమ్ పథకం పొలం పంపులకు, పీఎం సూర్యఘర్ గ్రిడ్‌కు కలిపే రూఫ్‌టాప్‌లకు. ఇలాంటి చిన్న బ్యాటరీ సిస్టమ్‌కు అవి వర్తించవు.

ఏమేం కావాలి

లెక్కలన్నీ 500 లీటర్ల చేపల తొట్టికి చెబుతున్నాను. మీది పెద్దదైతే ఆ నిష్పత్తిలో పెంచుకోండి.

- 500 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి
- మొక్కల తొట్టి: మీటరు పొడవు, 85 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు (సుమారు 250 లీటర్లు)
- తొట్టి నింపడానికి 12 నుంచి 20 ఎంఎం గ్రానైట్ కంకర, లేదా కాల్చిన బంకమట్టి గుండ్లు
- 12 వోల్టుల బీఎల్‌డీసీ సబ్‌మెర్సిబుల్ పంపు, 20 వాట్లు. మీద 800 లీటర్లు, 5 మీటర్లు అని రాసి ఉన్నది
- 12 వోల్టుల గాలి మోటారు, 5 వాట్లు. గాలి గొట్టం, రెండు ఎయిర్ స్టోన్లు
- 150 వాట్ల, 36 సెల్స్ ఉన్న "12 వోల్టుల" ప్యానెల్
- 20 ఆంపియర్ల చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు ఎక్కించే పెట్టె)
- 40 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, లేదా 75 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ
- కనీసం 24 ప్రోగ్రాములు పట్టే 12 వోల్టుల డిజిటల్ టైమర్
- ఫ్యూజు, 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు
- మల్టీమీటర్. ఇది లేకుండా దిగకండి.
- అమోనియా, నైట్రైట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్

ఎలా చేయాలి

1. చోటు చూసుకోండి, బరువు లెక్కేయండి.

నీళ్లు లీటరుకు కిలో. ఇళ్ల డాబాలను సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కన డిజైన్ చేస్తారు. 60 సెంటీమీటర్ల లోతు నీళ్లుంటే చదరపు మీటరుకు 600 కిలోలు పడుతుంది. కంకర తొట్టి కూడా తక్కువేం కాదు, ఒక్క కంకరే 400 కిలోలు ఉంటుంది. కాబట్టి నేల మీద చోటుంటే అక్కడే పెట్టండి. డాబానే అయితే స్లాబ్ మధ్యలో వద్దు. దూలాలు, స్తంభాల మీద బరువు పడేలా ఇంజనీరుకు చూపించాకే పెట్టండి. కంకర బదులు తేలికైన బంకమట్టి గుండ్లు వాడండి.

ప్యానెల్ చోటును ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం, నాలుగింటికి చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీడ, బట్టలు ఆరేసే తీగ నీడ, కొబ్బరి మట్ట నీడ ఏదీ పడకూడదు. సెల్స్ అన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి మూలన పడిన కొద్దిపాటి నీడకే ప్యానెల్ ఉత్పత్తి సగానికి పడిపోవచ్చు. చేపల తొట్టి మాత్రం ఎండలో ఉండకూడదు. స్టాండు ఎత్తుగా కట్టించి ప్యానెల్‌నే తొట్టికి నీడగా వాడుకుంటే రెండు పనులూ అవుతాయి. మిగిలిన భాగానికి 50 శాతం షేడ్ నెట్ కట్టండి. కొంగల నుంచి, కోతుల నుంచి కూడా ఆ నెట్టే కాపాడుతుంది.

2. ఎత్తు కొలిచి పంపు ఎంచుకోండి.

పంపు మీద రాసే "800 లీటర్లు" అనేది గంటకు వచ్చే నీళ్లు, అదీ అసలు పైకి ఎత్తనప్పటి లెక్క. "5 మీటర్లు" అంటే ఆ ఎత్తులో చుక్క కూడా రాదని అర్థం. మీకు కావాల్సింది మధ్యలో ఎక్కడో ఉంటుంది. చేపల తొట్టిలో నీటి మట్టం నుంచి పైపు నీళ్లు వదిలే చోటి దాకా నిలువు ఎత్తు కొలవండి. అది 1.2 మీటర్లయితే ఈ పంపు గంటకు 500 లీటర్ల పైచిలుకు ఇస్తుంది. గంటకొకసారి తొట్టిలోని నీరంతా తిరగాలన్నది మంచి కొలత, కాబట్టి సరిపోతుంది.

పరీక్ష తేలిక: బిగించాల్సిన ఎత్తులోనే పైపు పట్టుకుని 20 లీటర్ల బకెట్ నింపండి. 2 నిమిషాల 24 సెకన్లలోపు నిండితే గంటకు 500 లీటర్లు వస్తున్నట్టు. మూడు నిమిషాలు దాటితే పైపు సన్నదైనా అయ్యుండాలి, బెండ్లు ఎక్కువైనా అయ్యుండాలి. పంపు మార్చే ముందు అవి మార్చి చూడండి.

3. రోజుకు ఎంత కరెంటు కావాలో కాగితం మీద వేయండి.

పగలు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా పంపు ఆగకుండా నడుస్తుంది: 20 వాట్లు × 9 గంటలు = 180 వాట్ అవర్లు.
మిగిలిన 15 గంటలు గంటకు 15 నిమిషాలే నడుస్తుంది: సుమారు 75.
గాలి మోటారు రోజంతా: 5 × 24 = 120.
మొత్తం 375 వాట్ అవర్లు.

రాత్రి పంపును తగ్గించినా చేపలకు ఊపిరాడేది గాలి మోటారు వల్ల. అందుకే దాన్ని టైమర్‌కు తగిలించకూడదు. ఖర్చు తగ్గించుకోవాలని గాలి మోటారును వదిలేసేవాళ్లు చాలామంది. ఈ జాబితాలో అన్నిటికన్నా తక్కువ కరెంటుతో ఎక్కువ ప్రాణాలు కాపాడేది అదే.

4. బ్యాటరీని రాత్రి లెక్కన కొనండి.

సాయంత్రం 5 నుంచి ఉదయం 8 దాకా 150 వాట్ అవర్లు కావాలి. మర్నాడు ముసురు పట్టిందనుకోండి. ఆ పగలు కూడా పంపును రాత్రిలాగే గంటకు 15 నిమిషాలే నడిపితే (దీన్నే పొదుపు వరుస అంటాను) 90, ఆ రాత్రికి మళ్లీ 150. మొత్తం 390. లిథియం ఫాస్ఫేట్‌లో 80 శాతం వాడుకోవచ్చు, కాబట్టి 12.8 వోల్టుల 40 ఏహెచ్ (512 వాట్ అవర్లు) సరిపోతుంది. లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి, అందుకే 75 ఏహెచ్. కారు బ్యాటరీ చవగ్గా దొరికినా వద్దు. స్టార్టింగ్‌లో ఒక్కసారిగా కరెంటు ఇవ్వడానికి చేసింది అది. రోజూ సగం దాకా దిగితే త్వరగా పాడవుతుంది.

బ్యాటరీని ఎండలో పెట్టకండి. మెట్ల కింద, గాలి ఆడే చోట పెట్టండి. మే నెల డాబా మీద రేకు పెట్టెలో బ్యాటరీ ఉంచడం అంటే దాని ఆయుష్షును చేతులారా తగ్గించడమే.

5. ప్యానెల్, కంట్రోలర్.

మన రెండు రాష్ట్రాల్లో ఏడాది సగటున రోజుకు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుతురు వస్తుంది. వానాకాలంలో బాగా తగ్గుతుంది, అందుకే లెక్కకు 4.5 గంటలే తీసుకుందాం. వేడికి, దుమ్ముకి, వైర్లకు పోగా ప్యానెల్ మీద రాసినదాంట్లో 70 శాతం దక్కుతుందనుకోండి. 375 ÷ (4.5 × 0.7) = 119. అందుకే 150 వాట్లు. ఎండాకాలంలో ప్యానెల్ ఇంకా ఎక్కువ ఇస్తుందని అనుకుంటారు. ఒళ్లు మండే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఉత్పత్తి 15 శాతం దాకా పడిపోతుంది. ప్యానెల్ వెనక గాలి ఆడేలా జానెడు ఖాళీ వదలండి.

దక్షిణ దిశకు తిప్పి 15 డిగ్రీల వాలులో పెట్టండి. హైదరాబాద్ 17, తిరుపతి 13 డిగ్రీల అక్షాంశాల్లో ఉన్నాయి, కాబట్టి ఎక్కడైనా ఆ వాలు పనికొస్తుంది. వానకు దుమ్ము కూడా జారిపోతుంది.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. షాపులో 330 వాట్ల ప్యానెల్ వాటుకు చవగ్గా వస్తుంది. కానీ అది 37 వోల్టుల దగ్గర పనిచేసేది. దాన్ని మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో (ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి దించేసే చవక రకం) 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే సగానికి పైగా శక్తి వృథా. పెద్ద ప్యానెల్ కొంటే ఎంపీపీటీ కంట్రోలర్ (ఎక్కువ వోల్టేజీని వృథా చేయకుండా బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) తప్పనిసరి. అప్పుడు దాని ఆంపియర్లు కూడా పెద్దవి కావాలి. 36 సెల్స్ ప్యానెల్ (సుమారు 18 వోల్టులు) అయితే పీడబ్ల్యూఎం చాలు. లిథియం బ్యాటరీ తీసుకుంటే కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో డబ్బులిచ్చే ముందే చూడండి.

6. వైర్లు కలపండి. వరుస తప్పకండి.

ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు, తర్వాత ప్యానెల్‌ను, చివర్న లోడ్‌ను (అంటే పంపు, గాలి మోటారు). విప్పేటప్పుడు ముందు లోడ్ ఆపి, తర్వాత ప్యానెల్, ఆఖర్న బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కటే తగిలిస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. బ్యాటరీ ప్లస్ దగ్గర, జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. బ్యాటరీ 12 వోల్టులదే అయినా షార్ట్ అయితే మంటలు లేస్తాయి.

ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు 4 స్క్వేర్ ఎంఎం కేబుల్, పంపుకు 2.5 వాడండి. 12 వోల్టుల్లో సన్నని వైరు చేసే నష్టం ఎక్కువ. 10 మీటర్ల దూరానికి 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే పంపు దగ్గరికి చేరేసరికి 0.7 వోల్టు పోతుంది. పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, పంపు దగ్గర మీటరు పెట్టి చూడండి. తేడా అర వోల్టు దాటితే ఏదో జాయింటు వదులుగా ఉంది, లేదా వైరు సన్నది.

పంపును నేరుగా ప్యానెల్‌కు పెట్టి "నడుస్తుందో లేదో చూద్దాం" అనుకోవద్దు. లోడ్ లేనప్పుడు ఆ ప్యానెల్ 21, 22 వోల్టులు ఇస్తుంది. 12 వోల్టుల పంపు లోపలి సర్క్యూట్ దానికి తట్టుకోకపోవచ్చు.

7. పైపులు.

పంపును తొట్టి అడుగున కాకుండా ఇటుక మీద పెట్టండి. పైపు ఊడి నీళ్లన్నీ బయటికి పోయినా చేపలకు అడుగున కొంత నీరు మిగులుతుంది. నీళ్లు లేకుండా తిరిగితే పంపు కాలిపోతుంది కాబట్టి, ఆ మట్టం కన్నా కొంచెం పైన ఫ్లోట్ స్విచ్ పెట్టండి. మొక్కల తొట్టిలో పైపు మూతి నీటి మట్టానికి పైనే ఉండాలి. మునిగి ఉంటే పంపు ఆగినప్పుడు నీళ్లు వెనక్కి లాక్కుంటాయి.

ఇత్తడి, రాగి ఫిట్టింగులు, జీఐ పైపులు వద్దు. రాగి, జింకు నీళ్లలోకి దిగి చేపలకు విషమవుతాయి. పీవీసీ చాలు. కంకర మీద కొంచెం వెనిగర్ పోయండి. బుడగలొస్తే అందులో సున్నపురాయి ఉంది, పీహెచ్ పెంచేస్తుంది, వాపసు ఇచ్చేయండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల అసలే గట్టివి.

మొక్కల తొట్టి నుంచి నీళ్లు దిగడానికి బెల్ సైఫన్ (తొట్టి నిండగానే నీళ్లన్నీ ఒక్కసారిగా లాగేసే ఏర్పాటు) పెట్టాలా, మామూలు నిలువు పైపు చాలా? సోలార్ మీద నడిచేదానికి నేను నిలువు పైపే చెబుతాను. అడుగున చిన్న రంధ్రం వేసిన పైపు పంపు ఆగగానే తొట్టిని నిదానంగా ఖాళీ చేస్తుంది. పగలు పంపు ఆగకుండా నడిచినప్పుడు తొట్టి నిండే ఉంటుంది, పైనుంచి పొర్లుతుంటుంది. దానికి భయం లేదు. బెల్ సైఫన్‌కు నీటి ధార స్థిరంగా ఉండాలి. వోల్టేజీ తగ్గి ధార సన్నబడితే అది మొదలవదు, మొదలైతే తెగదు.

8. టైమర్ సెట్ చేయండి.

ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఒక ప్రోగ్రాము. తర్వాత 5:45 నుంచి 6:00, 6:45 నుంచి 7:00, అలా తెల్లారి 6:45 దాకా 14 ప్రోగ్రాములు. కంకర మధ్య ఖాళీల్లో పట్టేది సుమారు 100 లీటర్లు. 15 నిమిషాల్లో పంపు 125 లీటర్లు ఇస్తుంది కాబట్టి తొట్టి నిండుతుంది. టైమర్ లోపలి గడియారం సరిగ్గా ఉందో వారానికోసారి చూడండి.

గాలి మోటారును టైమర్ దాటించి కంట్రోలర్ లోడ్‌కు కలపండి. వీలైతే నీళ్ల పంపు లైనులో విడిగా లో వోల్టేజీ కటాఫ్ (బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే లైను ఆపేసేది) పెట్టండి, కంట్రోలర్ కటాఫ్ కన్నా పై వోల్టేజీలో. బ్యాటరీ దిగిపోతుంటే ముందు నీళ్ల పంపు ఆగాలి, గాలి మోటారు ఆఖరి దాకా నడవాలి.

9. చేపలు వేసే ముందు దుప్పటి పరీక్ష.

బ్యాటరీ నిండాక సాయంత్రం అయిదింటికి ప్యానెల్ మీద మందపాటి దుప్పటి కప్పి తాడుతో కట్టేయండి. టైమర్‌ను పొదుపు వరుసలో పెట్టి, రెండు రాత్రులు, మధ్యలో పగలు గడిచి ఆ మర్నాడు ఉదయం ఎనిమిదింటి దాకా అలాగే ఉంచండి. అప్పటికీ రెండు మోటార్లూ నడుస్తుంటే మీ సిస్టమ్ ముసురును తట్టుకుంటుంది. మధ్యలో ఆగితే ఏ గంటకు ఆగిందో రాసుకోండి. ఎంత బ్యాటరీ తక్కువైందో ఆ గంటే చెబుతుంది. అమ్మినవాళ్లు చెప్పే బ్యాకప్ గంటల కన్నా ఈ పరీక్షనే నమ్మండి.

10. ముందు నీళ్లు సిద్ధం చేసి, తర్వాతే పూర్తి సంఖ్యలో చేపలు.

మున్సిపాలిటీ నీళ్లయితే రెండు రోజులు ఆరుబయట గాలి మోటారు పెట్టి ఉంచండి, క్లోరిన్ పోతుంది. కొద్ది చేపలతోనే మొదలుపెట్టండి. కంకరలో బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, తిరిగి సున్నా దగ్గరికి దిగాకే చేపల సంఖ్య పెంచండి. ఈ కొలతకు చివరికి 4, 5 కిలోల చేపలు చాలు. మేత రోజుకు 40, 50 గ్రాములు దాటకూడదు. మొదటి పంటగా తోటకూర, పాలకూర, పుదీనా వేయండి. టమాటా తర్వాత చూడొచ్చు.

చేప ఎంపిక కూడా పంపు సంగతే. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, కాబట్టి పంపు కాసేపు ఆగినా రోహు కన్నా బాగా తట్టుకుంటుంది. కానీ చిన్నదాన్ని పెద్దది తినేస్తుంది, ఒకే సైజు పిల్లలు వేయాలి. అమోనియా పెరిగితే దానికీ ప్రమాదమే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరైనా అమ్మినా తీసుకోవద్దు, మన దేశంలో దాని పెంపకం నిషేధం.

ఎక్కువగా జరిగే తప్పులు

పంపు సన్నగా పోస్తుంటే వెంటనే ప్యానెల్‌ను అనుమానిస్తారు. పదింట తొమ్మిదిసార్లు పంపు మూతికి నాచు, చేపల మలం పట్టి ఉంటుంది. ముందు దాన్ని కడగండి, బకెట్ పరీక్ష మళ్లీ చేయండి.

ఎండ బాగుందని మధ్యలో ఇంకో లైటో, ఫ్యానో అదే బ్యాటరీకి తగిలించడం. వద్దు. ఆ బ్యాటరీ చేపలది.

సాయంత్రం చీకటిపడ్డాక మేత వేయడం. మేత తిన్నాక చేపలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఉదయం తొమ్మిది తర్వాత, మధ్యాహ్నం మూడులోపు వేసేయండి. ముసురు రోజుల్లో సగానికి తగ్గించండి, రెండో రోజు కూడా ఎండ రాకపోతే పూర్తిగా ఆపేయండి. రెండు మూడు రోజులు మేత లేకపోతే ఆరోగ్యంగా ఉన్న చేపలకు ఏమీ కాదు.

ఏం చూడాలి, ఎప్పుడు

రోజూ లేవగానే తొట్టి దగ్గరికి వెళ్లండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే (కొరమీను అయితే మామూలు కన్నా మరీ తరచుగా పైకొస్తుంటే) రాత్రి గాలి చాలలేదని అర్థం. అప్పుడే బ్యాటరీ వోల్టేజీ కూడా చూడండి. లెడ్ యాసిడ్ నిండుగా ఉంటే 12.7 చూపిస్తుంది, లోడ్ ఆపి కాసేపాగి చూసినా 12.2 కన్నా తక్కువుంటే సగం దాటి దిగిపోయింది. లిథియంలో వోల్టేజీ చివరిదాకా పెద్దగా మారదు, మీటరును నమ్మలేం. దానికి వాట్ మీటరో, బ్యాటరీతో వచ్చే బ్లూటూత్ యాపో కావాలి. వారానికోసారి ప్యానెల్‌ను ఉదయం చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి. మండుటెండలో చల్లనీళ్లు పోయొద్దు. వారానికోసారే అమోనియా, నైట్రైట్, పీహెచ్. నెలకోసారి బకెట్ పరీక్ష, జాయింట్లు బిగించడం.

అర్ధరాత్రి అన్నీ ఆగిపోతే టెన్షన్ పడకుండా ఇలా చేయండి. బకెట్‌తో తొట్టిలో నీళ్లే తీసి, రెండడుగుల ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి. పడే నీళ్లతో గాలి కలుస్తుంది. పవర్ బ్యాంకుతో నడిచే చిన్న యూఎస్‌బీ గాలి మోటారు ఒకటి ముందే కొని ఇంట్లో ఉంచుకుంటే ఆ కష్టం తప్పుతుంది.

ఇంత ఖర్చు పెట్టలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైను మీద గాలి మోటారు ఒక్కటీ పెట్టండి, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. మోటారును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు గాలి గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వస్తాయి. నీళ్ల పంపు మాత్రం పగటిపూట సోలార్ మీద నడవనివ్వండి. బ్యాటరీ లేకుండా ప్యానెల్‌తో నేరుగా నడపడానికే చేసిన పంపు తీసుకోవాలి. చేపలను సగానికి తగ్గించి పెంచుకోవాలి.

కోస్తాలో ఉంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరికలు చూస్తూ ఉండండి. గాలులు గట్టిగా వీస్తాయంటే ముందురోజే బ్యాటరీ నిండేలా చూసుకుని, టైమర్‌ను పొదుపు వరుసలో పెట్టి, ప్యానెల్ విప్పి ఇంట్లో పెట్టేయండి. తొట్టికి కట్టిన షేడ్ నెట్ కూడా విప్పండి, లేకపోతే అది స్టాండును లాగేస్తుంది. వాన నీళ్లు నేరుగా తొట్టిలో పడి పొర్లకుండా మూత బిగించి, గాలి గొట్టం నలిగిందేమో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.